ఇంటి లెక్కలు: అమ్మాయి డబ్బు లండనులో

ఇంగ్లండులో నర్సుగా పనిచేయుచున్న తమ కుమార్తె నెలనెలా కొంత సొమ్ము అక్కడి ఎఫ్ అండ్ సి అను పాత ట్రస్టులో వేయుచున్నదనీ, అది షేర్ల వ్యవహారమని తెలిసినది మొదలు తమకు నిద్ర పట్టుట లేదనీ ఒక తల్లిగారు మాకు వ్రాశారు. ఆ భయము మాకు తెలియును. ఒకప్పుడు మేమును ధాన్యము అమ్మిన సొమ్మంతా ఒకే ఫైనాన్సు కంపెనీలో వేసితిమి. దాని తలుపులకు తాళము పడిన తరువాత మాకు రశీదులే మిగిలినవి.

ఈ ట్రస్టు 1868లో లండనులో ఫిలిప్ రోజ్ అను న్యాయవాది పూనికతో మొదలైనది. క్షయరోగులను ఆసుపత్రులు చేర్చుకొనని రోజులలో వారి కొరకు బ్రాంప్టన్ ఆసుపత్రిని స్థాపించినది కూడ ఆయనే. అప్పట్లో పలు దేశములకు అప్పులిచ్చి ఎక్కువ వడ్డీ తీసికొనుట ధనవంతులకే సాగేది. ఒక దేశము ఎగవేసినా మిగిలినవి వారిని ఆదుకొనేవి. చిన్నవారు ఒక్క దేశమునకే ఇచ్చి మునిగేవారు. అందుచేత చిన్నవారి సొమ్మును కలిపి 18 రుణపత్రములలో పంచిరి. 1879లో ఇటువంటి మరొక ట్రస్టు విషయములో కోర్టు తీర్పు ప్రతికూలముగా రాగా, ఇది కంపెనీగా మారినది. షేర్లు కొనుట 1925లోనే మొదలు. నేడు ప్రపంచమంతటా వందలాది కంపెనీలలో దానికి వాటాలున్నవి.

దీనిని ఉమ్మడి మామిడితోట అనుకొనుడి. ఒక వాటాదారునికి డబ్బు అవసరమైతే తన వాటాను మరొకరికి అమ్ముకొనును గాని, అతని కొరకు చెట్లు నరుకరు. అయితే బేరము రోజును బట్టి యుండును. తోట విలువ నూరు రూపాయలైనా వాటా తొంబదికే పోవచ్చును. అప్పు తెచ్చి షేర్లు కొనుట కూడ కలదు గనుక, ధరలు పడినపుడు దెబ్బ మరికొంత ఎక్కువ తగులును.

మంచి సంవత్సరములలో వచ్చిన ఆదాయములో 15 శాతము వరకు గాదెలో ధాన్యమువలె నిలువ చేసికొనవచ్చును. ఆ నిలువతోనే కరవు సంవత్సరములలోను డివిడెండు తగ్గనీయక, 50 ఏండ్లకు పైగా ఏటేటా పెంచుచు వచ్చిరి.

కాబట్టి అమ్మా, ఇది మా ఫైనాన్సు కంపెనీ వంటిది కాదు, బ్యాంకు డిపాజిట్టు వంటిదీ కాదు. అసలు తగ్గవచ్చును. అమ్మాయిని ఒక్క మాట అడుగుడి: ఆ సొమ్ము రెండు మూడేండ్లలో పెండ్లికో ఇంటికో కావలసినదా, లేక పది పదిహేనేండ్లు ముట్టుకొననక్కర లేనిదా? మొదటిదైతే బ్యాంకులోనే ఉంచమనుడి. ఆమె జవాబు రాగానే మాకు మరల వ్రాయగలరు.