దూరపుకొండలకు రైలుత్రోవ

దూరపుకొండలు నునుపని మన పెద్దలన్నారు. దగ్గరకు పోయి చూచినగాని రాయియు ముల్లును తెలియవని దాని భావము. కాని మన యాడువారిలో పెక్కుమందికి కొండ నునుపో గరుకో తెలిసికొను నవకాశమే కలుగదు. తీసికొనిపోవువారెవరు, బండి యెవరిది, తోడెవరు అను ప్రశ్నలయొద్దనే ప్రయాణము నిలిచిపోవును. అట్లు రెండేండ్లు నిలిచి, పిదప సాగిన యొక ప్రయాణమును గూర్చి ఈ నెల వ్రాయుచున్నాను.

నా పినతల్లి కూతురు స్విట్జర్లాండు దేశములో జూరిచ్ నగరమున కాపురమున్నది. మా మరిది యచ్చట కంప్యూటరు కొలువులో నున్నాడు. వారికి ఏడేండ్ల కుమారుడు. ఆ దేశమున శీతకాలము వచ్చినంతనే పిల్లలు కొండలకు పోయి, కాళ్లకు స్కీలను పొడుగుపాటి పలకలు బిగించుకొని మంచుపై జారుట నేర్తురు. బడులవారు సైతము ఇందుకై ప్రత్యేకముగా శిబిరములు నడపుదురు. తోటిపిల్లలు సోమవారమునాడు బడికి వచ్చి తమ జారుడు కబుర్లు చెప్పుకొనుచుండగా, మా పిల్లవాడు విని యింటికి వచ్చి, “అమ్మా, మన మెప్పుడు?” అని యడుగువాడట. “నాన్నగారు కారు కొన్నతరువాత” అని తల్లి చెప్పెడిది. రెండు శీతకాలములు గడచినవి. కారు రాలేదు. వచ్చినను మా చెల్లెలికి నడపుట రాదు. మంచు గడ్డకట్టిన కొండదారిలో నడపుటకు మా మరిదికి ధైర్యము లేదు.

ఒకనాడు పొరుగింటి వృద్ధురాలు, డెబ్బదియేండ్ల మనిషి, భుజముపై స్కీలు పెట్టుకొని ట్రాము కొరకు నిలిచియుండుట మా చెల్లెలి కంటబడెను. ఎవరు తీసికొనిపోవుచున్నారని యడిగెను. “రైలు” అని యామె యుత్తరము. “మీకు కారు లేదా?” యని మరల నడిగిన, ఆ ముదుసలి నవ్వి, “నేను పోవు వెంగెన్ గ్రామమునకు కారు పోనే పోదమ్మా” యని చెప్పెనట.

ఈ మాట నిజమా యని నేను మావారి భూగోళ పటము ముందు వేసికొని చూచితిని. నిజమే. ఆ దేశపు నడుమ లౌటర్‌బ్రున్నెన్ అను లోతైన లోయ కలదు. దానికి ఇరుప్రక్కల నిటారుగా కొండచరియలు లేచినవి. తూర్పుచరియపై 1,274 మీటర్ల యెత్తున వెంగెన్, పడమటిచరియపై సుమారు 1,640 మీటర్ల యెత్తున మ్యూరెన్ అను రెండు గ్రామములున్నవి. రెండును స్కీ యాటకు పేరుపడినవి. రెండింటికిని ప్రయాణికుల కార్లు పోవు త్రోవ లేదు. వెంగెనుకు 1893లో వేసిన రైలు కలదు. మ్యూరెనుకు లోయనుండి తీగపై నడచు కేబుల్ కారెక్కి, పైన 1891నాటి చిన్న రైలుమార్గమున పోవచ్చును. లౌటర్‌బ్రున్నెన్ స్టేషను ప్రక్కనే పలు అంతస్తుల కారుశాల కట్టియున్నారు. కారున్నవారు దాని నందులో విడిచి, కారులేనివారు కూర్చున్న రైలులోనే వచ్చి కూర్చుందురు! ఏ సాధనము లేదని మా చెల్లెలు రెండేండ్లు ఇల్లు కదలలేదో, ఆ సాధనము ఉన్నవారును తుద కచ్చట దిగవలసినదే.

ఇక నామె ప్రయాణము వినుడు. ఒక శనివారము వేకువనే పులిహోర పొట్లము కట్టుకొని, పిల్లవానిని వెంటబెట్టుకొని, జూరిచ్‌లో రైలెక్కెను. బెర్న్ నగరమునకు 56 నిమిషములు. అచ్చట మారి, తూన్ సరస్సు నొరసికొని పోవు రైలులో ఇంటర్‌లాకెన్ తూర్పు స్టేషనుకు ఇంచుమించు గంట. అచ్చటినుండి కొండరైలులో లౌటర్‌బ్రున్నెనుకు 20 నిమిషములు. మరల మారి వెంగెనుకు పావుగంట లోపు. మారుటకు పట్టు సమయముతో కలిపి రెండున్నర మూడు గంటలలో ముగియు ప్రయాణము. ఇన్ని మార్పులున్నవే, మన మెట్లు పట్టుకొనగలమని భయపడవలదు. ఆ దేశపు రైళ్లు 1982 మొదలు ఒక క్రమమున నడచుచున్నవి. ఉదయ మెనిమిది గంటల రెండు నిమిషములకు కదలు బండి తొమ్మిదింటి రెండు నిమిషములకును, పదింటి రెండు నిమిషములకును అట్లే కదలును. పెద్ద కూడళ్లలో నలుదెసల బండ్లును కొద్ది నిమిషముల తేడాలో వచ్చి చేరి, ప్రయాణికులు మారినంతనే మరల బయలుదేరును. ఇరుగుపొరుగు ఆడువారు ఒకే వేళకు నూతికడ చేరి, రెండు మాటలాడి, బిందెలెత్తుకొని ఎవరి దారిని వారు పోయినట్లే!

అయినను మా చెల్లెలు పొరపాటు పడనే పడినది. ఇంటర్‌లాకెనులో కదలు కొండరైలు త్స్వైలూచినెన్ అను చిన్న స్టేషనులో రెండుగా విడిపోవును. ఒక సగము లౌటర్‌బ్రున్నెనుకు, రెండవ సగము గ్రిండెల్‌వాల్డుకు పోవును. ఏ పెట్టె ఎచ్చటికో ప్లాట్‌ఫారముపైని పెట్టెలపైని వ్రాసియే యుండును. పిల్లవాని చేతితొడుగొకటి కనబడక వెదకుకొను హడావుడిలో ఆమె యది చూడలేదు. రైలు విడిపోయి, కొండలు వేరుగా కనబడుచుండగా, ప్రక్కనున్న స్త్రీ నడిగిన, “ఇది గ్రిండెల్‌వాల్డు బండి” యని చెప్పెను. “అక్కయ్యా, నా గుండె జారిపోయినది. ఒంటరిగా పోవలదని ఆయన చెప్పినమాట నిజమైనదే యనుకొంటిని” అని నాకు వ్రాసినది.

ఏమి జరిగినది? గ్రిండెల్‌వాల్డు వరకు పోయి, దిగి, ఆ యదనపు దూరమునకు టికెట్టు కొని, అరగంటకొకటి చొప్పున కదలు బండ్లలో మొదటిదెక్కి వెనుకకు వచ్చెను. పోయినది ఒక గంట. ఆ గంటలో 3,967 మీటర్ల ఐగర్ శిఖరముయొక్క ఉత్తరపుగోడ, ఎందరో సాహసికుల ప్రాణములు గొన్నది, ఎదుట నిలిచి యుండగా తల్లీకొడుకులు స్టేషను బల్లపై కూర్చుండి పులిహోర తినిరి. “ఆ పొరపాటు జరుగకున్న నది చూడకపోదుమే!” యని పిల్లవాడనెనట.

సోదరీమణులారా, ఈ జాబులో నా మనస్సునకు హత్తుకొన్నది ఈ సంగతియే. మన యాడువారు ఒంటరిగా కదలుటకు జంకుట తెలివితక్కువచేత కాదు. తప్పు జరిగిన పక్షమున దాని మూల్య మెంతయో యను భయముచేత. దినమున కొక్క బండి పోవు త్రోవలో బండి తప్పిన ఒక దినము పోవును. పైగా ఇంటిలో జీవితాంతము దెప్పు! అరగంటకొక బండి పోవు త్రోవలో తప్పు కరగంటయో గంటయో మాత్రమే వెల. తప్పు చవుకయైనచోట ధైర్యము పెరుగును. చిన్నతప్పులు చేయుటకు చోటిచ్చినగాని యెవరికిని నేర్పు రాదు. మన ఇండ్లలో కోడండ్రకును కూతుండ్రకును ఈ చోటు ఎంత యిచ్చుచున్నామో యాలోచింపదగినది.

వెంగెన్ త్రోవలో పట్టాల నడుమ పండ్ల పట్టా యొకటి యుండును. ఇంజను క్రిందనున్న పండ్లచక్రము దానిని కరచుకొని యెక్కుటచే ఎంత వాలైనను బండి జారదు. ఆ రైలే గ్రామమును దాటి 2,061 మీటర్ల యెత్తున నున్న క్లైనె షైడెగ్ కనుమ వరకు ప్రాకును. ఆటగాండ్రు స్కీలతో నెక్కి, పైన దిగి, మంచుపై జారి వచ్చి మరల నెక్కుదురు. మా పిల్లవాడు మాత్రము గ్రామపు నడుమనున్న పిల్లల వాలులో, గురువుచేత పాఠము చెప్పించుకొని, తొలిదినమున ముప్పదిమార్లు పడి ముప్పదియొకటవమారు లేచినాడు. తల్లి స్కీ యాడలేదు. నడచువారికై మంచు త్రొక్కించిన బాటలు వేరుగా నుండగా వానిపై నడచి వచ్చినది.

ఇక్కడ స్త్రీలకు సంబంధించిన ముచ్చట యొకటి. ఎదుటికొండనున్న మ్యూరెనులో 1922లో ఆర్నాల్డ్ లన్ అను ఆంగ్లేయుడు జెండాల నడుమ వంకరలు తిరుగుచు జారు స్లాలమ్ పందెమునకు నేటి రూపము నిచ్చెను. 1931లో అచ్చటనే ఆల్పైన్ స్కీ ప్రపంచపోటీలు మొట్టమొదట జరిగినవి. ఆ మొదటి పోటీలలోనే స్త్రీలకును పందెములు పెట్టిరి. 17 ఏండ్ల ఎస్మీ మకిన్నన్ అను బ్రిటిషు బాలిక డౌన్‌హిల్, స్లాలమ్ అను రెండింటను గెలిచెను. కారుత్రోవ లేని ఆ గ్రామమునుండియే ఆమె పేరు లోకమునకు ప్రాకినది.

ఈ రెండు గ్రామములే కావు. మాటర్‌హార్న్ శిఖరము క్రిందనున్న జెర్మాట్‌లోను ఇట్లే. కార్లవారు టేష్ అను ఊర తమ బండ్లు విడిచి 12 నిమిషముల రైలెక్కవలెను. కారు లేనివారు జూరిచ్‌నుండి విస్ప్ వరకు పెద్దరైలులో, 2007లో తెరచిన 34 కిలోమీటర్లకు పైబడిన సొరంగము గుండ వచ్చి, అచ్చట కొండరైలుకు మారుదురు. విస్ప్‌నుండియే సాస్‌ఫే గ్రామమునకు పసుపుపచ్చని పోస్టుబస్సు పోవును. రైలు ఎక్కలేని కొండలకు ఈ బస్సులే దిక్కు. గ్రుడ్డి మలుపులలో అవి ఊదు మూడు స్వరముల బూర రోసినీ అను సంగీతకర్త కూర్చిన విలియమ్ టెల్ నాటకపు వాద్యము నుండి గ్రహించినది.

కూతుండ్ర పురుళ్లకును మనుమల సంరక్షణకును ఆ దేశమునకు పోవు తల్లులు మనలో నేడు కలరు గనుక, పనికివచ్చు నాలుగు మాటలు చెప్పెదను.

టికెట్టు: అచ్చట కాపురముండువారు సగము వెల కార్డు నొకటి కొని యుంచుకొన్న, రైలు, బస్సు, పడవ, పెక్కు కొండరైళ్లలో సగమే యిత్తురు. ఆరేండ్ల లోపు పిల్లలకు పెద్దలతో నున్న వెల లేదు. ఆరు మొదలు పదునారేండ్ల లోపు వారికి తల్లిదండ్రులతో పోవుటకు ప్రత్యేకమైన కార్డు కలదు. ముందుగా కొన్న దినపు టికెట్లు చవుక.

సామాను: స్కీలు, బూట్లు కొనవలదు, మోయవలదు. కొండపైని దుకాణములలో అద్దె కిత్తురు. బరువైన పెట్టెలను రైల్వేవారికి ముందుగా నప్పగించినచో చేరవలసిన యూరికి పంపు నేర్పాటు కలదు.

దుస్తులు: చీర మంచులో తడిసి గడ్డకట్టును. లోన ఉన్ని, పైన తడి యంటని లాగు, కోటు తొడుగుకొనవలెను. పిల్లలకు చేతితొడుగులు రెండు జతలుంచవలెను. ఒకటి తప్పక తడియును. మంచుపై నెండ రెట్టింపుగా కొట్టును గాన నల్లకళ్లజోడు మరువరాదు.

తిరుగుదారి: పోవుటకు ముందే తుది బండి వేళ చూచుకొనవలెను. లోయలలో బస్సులు సాయంకాల మరుదు. స్కీ లిఫ్టులు చీకటికి ముందే నిలిచిపోవును. పెనుగాలి వీచిన తీగబండ్లు ఆపుదురు. భారీగా మంచు కురిసిన రైలును ఆగవచ్చును. 2018 జనవరిలో జెర్మాట్‌కు రైలును రోడ్డును రెండును మూసుకొని సుమారు 13,000 మంది చిక్కుబడిరి. కావున మరుసటిదినము తప్పనిసరి పని పెట్టుకొని కొండ యెక్కరాదు.

మా చెల్లెలు ఆ రాత్రి యెనిమిదింటికి క్షేమముగా నిల్లు చేరినది. తరువాతి నెలలో మరల పోయిరి. ఈమారు మా మరిదియు వెంట వెళ్లెను. ఇంటర్‌లాకెనులో నతడు తొందరపడి దగ్గరి పెట్టె నెక్కబోగా, ఆమె చేయి పట్టి యాపి, “అది గ్రిండెల్‌వాల్డు పోవును, ఇటు రండు” అని ముందు నడచెనట. కారు మాట ఇప్పు డాయింట వినబడుటలేదు.

దూరపుకొండలు నునుపే కావచ్చును. దగ్గరకు పోయిన గరుకే కావచ్చును. కాని పోయి చూచినవారికే యీ రెండింటిలో నేది నిజమో చెప్పు హక్కు కలదు.