పూర్వపక్షము వినని తీర్పు

ఇటీవల వెలువడిన యొక తెలుగు సాహిత్యచరిత్ర పీఠికలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల వాఙ్మయమంతయు ఆస్థానస్తోత్రమని ఒకే వాక్యమున తేల్చివేసినారు. ఆ మాటకు నిదర్శనముగ ఈ సీమ కవి పద్యమొక్కటియైనను గ్రంథమున ఉదాహరింపలేదు. ఇట్టి తీర్పులు మాకు క్రొత్తవి కావు. అయినను ఈసారి ఊరకుండుట భావ్యమని తోచలేదు.

గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగ విభజించినవి. తత్త్వనిర్ణయమునకై ప్రమాణతర్కములతో సాగునది వాదము. గెలుపే పరమావధిగ ఛలమునుగూడ ఆశ్రయించునది జల్పము. తన పక్షమును స్థాపింపక, ఎదుటివాని పక్షమును కొట్టివేయుటయే పనిగ పెట్టుకొన్నది వితండ. ఓటమికి గురుతులైన నిగ్రహస్థానములు 22 అని ఆ శాస్త్రమే చెప్పి, వానిలో అననుభాషణమను దానిని చేర్చినది. మూడుమారులు చెప్పగా సభ గ్రహించిన ప్రతిపక్షపు మాటను తిరిగి పలుకలేనివాడు, ఎంత గొప్ప ఖండనమును మనసున దాచుకొన్నను, అక్కడనే ఓడినట్లు. ఎదుటివాని మాటను వానికంటె స్పష్టముగ చెప్పగలిగిన పిదపనే దానిని ఖండించు హక్కు కలుగునను ఈ మర్యాద మీదనే మన శాస్త్రచర్చ నిలిచినది.

ఆ పీఠిక వినని పూర్వపక్షమిది. విద్వద్గద్వాలయని పేరుపడిన సంస్థానములో కార్తీక మాఘ మాసములందు జరిగిన సభలకు దూరప్రాంతముల పండితులు వచ్చి, పరీక్షకు నిలిచి, వార్షికములందుకొని పోయెడివారు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములలో అవధానములు చేసినారు. పొగడ్తయే కావలసిన ప్రభువులకు పృచ్ఛకులతో పనియేమి? జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు తానే కవియై చంద్రికాపరిణయమును రచించినాడు. ఆయన ఆదరమునందిన ఎలకూచి బాలసరస్వతి ఒకే కావ్యమున రామ, కృష్ణ, పాండవ కథలు మూడింటిని నడపి రాఘవయాదవపాండవీయమును వ్రాయుటేగాక, తెలుగు వ్యాకరణసూత్రములైన ఆంధ్రశబ్దచింతామణికి టీక కూర్చినాడు. ఆ సూత్రములను భీమన గోదావరిలో పారవేయగా సారంగధరుడు కాపాడి బాలసరస్వతికిచ్చెనని అప్పకవి చెప్పిన వృత్తాంతము మొదలు, అవి నన్నయ రచనలా కావాయని పండితులు తరతరములుగ వాదించుచునే యున్నారు. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోనున్న ఈ జటప్రోలు పేరు తీయక తెలుగు వ్యాకరణ చరిత్రను చెప్పుట ఎట్లో ఆ పీఠికాకర్తలే సెలవీయవలెను.

చదువక తీర్పుచెప్పుట విమర్శ కాదు, దౌర్జన్యము. దానిని పాండిత్యమని అచ్చువేయుట మరింత దౌర్జన్యము. ఆ వార్షికములు రైతు చెల్లించిన శిస్తునుండియే వచ్చినవనుట సత్యమే. ఆ సత్యము నెరిగి, ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సామాన్యుల తిండిని, బట్టను, ఆటలను చరిత్రకెక్కించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ గద్వాల సీమలోని బోరవెల్లిలో పుట్టినవాడే. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమను నింద వినబడినప్పుడు ఆయన తిట్టుకు తిట్టు అప్పగింపలేదు. 1926లో ఆరంభించిన తన గోలకొండ పత్రికను ఆధారము చేసికొని, ఊరూర కవుల నుండి రచనలు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 కవులను లోకము ముందు నిలిపినారు. ప్రతిపక్షమేమన్నదో మరుగుపరుపలేదు, దానికి ఎదురుగ ప్రమాణమును పెట్టినారు. వాదమనగా ఇదియే.

ఆ పీఠికాకర్తలను మేమడుగునది సామాన్యమైనదే. ప్రభువు స్వయముగ వ్రాసిన కావ్యము ఏ ప్రభువు మెప్పునకై పుట్టినదో, త్ర్యర్థికావ్యమును నడపిన ప్రజ్ఞ ఏ విధముగ స్తోత్రమైనదో, శబ్దచింతామణి టీకలో ఎవరిని పొగడినారో పద్యముతోను, పంక్తితోను చూపవలెను. చూపలేనిచో మలిముద్రణలో ఆ వాక్యమును తొలగింపవలెను. వారి సమాధానమెంత దీర్ఘమైనను ఈ పత్రికలో ఒక్క అక్షరము విడువక అచ్చువేయుదుము.