ఫిజిక్సు మనకు అందనిదా?

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచు అడుగుతుంటారు: "అన్నా, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తే పటాన్‌చెరులో కంపెనీ ఉద్యోగమన్నా దొరుకుతది. ఫిజిక్సు చేస్తే ఏమొస్తది?" ఇల్లు గడవాల్సిన పిల్లల ప్రశ్న ఇది, న్యాయమైనదే. కానీ ఫిజిక్సు పెద్దింటి పిల్లల చదువు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఒక ప్రయోగం చూడండి. 2020లో వియన్నా శాస్త్రవేత్తలు తల వెంట్రుక మందంలో సుమారు ఐదువందల వంతు ఉండే గాజు రేణువును, గాలి తోడేసిన పాత్రలో లేజర్ కాంతితో దేనికీ తగలకుండా నిలబెట్టారు. కాంతితో వస్తువులను పట్టి ఉంచే ఈ విద్యకే ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ వచ్చింది. రేణువు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపే దాని వేడి. రెండు అద్దాల మధ్య రేణువును ఉంచి లేజర్‌ను తగినట్టు సవరిస్తే, రేణువుకు తగిలి చెదిరే కాంతి తాను తెచ్చినదానికంటే కాస్త ఎక్కువ శక్తితో బయటికి పోతుంది. ఆ ఎక్కువ శక్తి ఊపులోంచి తీసినదే. అలా ఒక దిశలోని ఊపును కెల్విన్‌లో పది లక్షల వంతులలో 12కు తగ్గించారు. చుట్టూ గది మాత్రం మామూలు వేడిలోనే ఉంది! అంతకు మించి తగ్గని క్వాంటం స్థితి దాదాపు అదే. పది కోట్ల పరమాణువులున్న గాజు ముక్క కూడా పరమాణువు లాగే ఆ నియమాలకు లోబడిందన్నమాట. గురుత్వాకర్షణ కూడా లోబడుతుందా అన్నది ఇలాంటి రేణువులతో తేల్చాలనుకుంటున్న ప్రశ్న.

ఇందులో మనకు కొత్త కానిది ఏముంది? వాక్యూమ్ పంపు, ప్రెషర్ గేజి, లీకేజీ పరీక్ష. పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో షిఫ్టులు చేసే మన నాయనలకు ఇవి తెలిసిన పనులే. మా నాయన ఏడో తరగతితో ఆపేశాడు, అయినా పంపు చప్పుడు విని లీకేజీ చెప్పగలడు. ప్రయోగశాలకు ఇంకా ఎన్నో రెట్లు మంచి వాక్యూమ్ కావాలి. కానీ ఓపిక మాత్రం ఇదే ఓపిక.

ఇక తిండి సంగతి. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు రూ. 37,000. అదే ఏడాది కేంద్రం క్వాంటం మిషన్‌కు రూ. 6,003 కోట్లు మంజూరు చేసింది. అది ప్రజల సొమ్ము, అందులో మన పిల్లల వాటా ఏది? కందిలో ఐఐటీ ముందు నుంచే మన బస్సులు పోతాయి. మనలో ఎందరు లోపలికెళ్లి ఒక లేజర్ చూశారు?

అందుకే నా కోరిక రెండు ముక్కల్లో. ప్రతి హాస్టల్ నుంచి ఏటా ఒకరోజు పిల్లలను పరిశోధనశాలకు తీసుకెళ్లాలి. పూర్వ విద్యార్థులు ఆదివారాలు వచ్చి జామ్ పరీక్షకు తెలుగులో పాఠాలు చెప్పాలి. నా వంతు నేను వస్తాను.

ఉద్యోగం చూసుకొని కెమిస్ట్రీ తీసుకుంటే తప్పు లేదు. భయపడి మాత్రం ఫిజిక్సు వదలకండి.