కాలము మన సొత్తు కాదు

ఈ వ్యాసమును ముఖ్యముగా మన పాఠశాలలోని క్రైస్తవ విద్యార్థులను, వారి తలిదండ్రులను ఉద్దేశించి వ్రాయుచున్నాము. అయినను కాలము అందరికిని ఒకే కొలతతో లభించునది గనుక, తక్కినవారును దీనిని చదివి తమకు తగినది గ్రహింతురని మా ఆశ.

‘నా సమయము, నా యిష్టము’ అను మాట ఈనాడు పిన్నల నోటను పెద్దల నోటను తరచుగ వినబడుచున్నది. క్రైస్తవుడు ఈ మాట యనుటకు వీలులేదని మా అభిప్రాయము. ధనమువలె, బుద్ధిబలమువలె కాలము కూడ దేవుడు మనకు అప్పగించిన సొమ్ము. మనము దానికి యజమానులము కాము, గృహనిర్వాహకులము మాత్రమే.

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని తలాంతుల ఉపమానము మీరెరిగినదే. ఒక్క తలాంతు పొందిన దాసుడు దానిని దొంగిలింపలేదు, జూదమాడి పోగొట్టలేదు. భూమిలో దాచి, యజమానుడు రాగానే ఉన్నదున్నట్లు అప్పగించెను. అయినను సోమరియని నింద పొందెను. వాడక దాచుటయే అతని దోషము. తలాంతునైన త్రవ్వి తీయవచ్చును. పాతిపెట్టిన గంటను ఎవరును త్రవ్వి తీయజాలరు.

అట్లని క్షణము తీరికలేక పరుగెత్తువాడే నమ్మకమైనవాడని తలంపరాదు. యేసుప్రభువు చీకటి విడువకముందే లేచి ఏకాంతముగ ప్రార్థించినట్లు మార్కు సువార్త మొదటి అధ్యాయము చెప్పుచున్నది. అయిదవ అధ్యాయములో, యాయీరు కుమార్తె మరణావస్థలో నుండగా ఆయన ఆ యింటికి పోవుచు, పండ్రెండేండ్లుగ రోగపీడితురాలైన స్త్రీ కొరకు దారిలో ఆగెను. ప్రార్థనకు నియమిత సమయము, అక్కరలో నున్నవారికి అడ్డులేని సమయము: ఈ రెండును ఆయన జీవితమున గలవు. కనుక తల్లి నీళ్లు తెమ్మన్నప్పుడు, తమ్ముడు లెక్క చెప్పుమన్నప్పుడు మీ కాలము వ్యర్థమైనదని విసుగుకొనకుడు.

చదువు వేరు, భక్తి వేరు అని భావించువారు కొందరు కలరు. సంవత్సరమంతయు పుస్తకము తెరువక, పరీక్ష ముందటి రాత్రి ప్రార్థనలో కూర్చుండి ఉత్తీర్ణత కోరుట విశ్వాసమనిపించుకొనదు. మార్కుల కొరకు ఆదివారపు ఆరాధన మానిపించి బిడ్డను ట్యూషనుకు పంపుటయు వివేకము కాదు. ఆరు దినములు పనిచేయుమనియు, ఏడవ దినము విశ్రమింపుమనియు చెప్పినది ఒకే ఆజ్ఞ. అందులో సగము పాటించి సగము విడుచుట తగదు.

కొద్దికాలమును సద్వినియోగము చేసినచో నెంత ఫలమో మన భాషాచరిత్రమే చెప్పుచున్నది. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను లండను మిషనువారు 1805లో విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చిరి. ఆనందరాయరు సాయమున సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి కృషి ఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. అచ్చుప్రతిని ఆ యిరువురును కన్నులార చూడలేదు. అయిదేండ్ల కాలము వారికి లభించెను. ఆ అయిదేండ్లే మనకు తరతరముల సొమ్మైనవి. వంగ కుటుంబమున జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తెలుగున రచించిన కీర్తనలు నేటికిని మన ఆలయములలో పాడబడుచున్నవి.

అట్టి భాష నేడు ఒడిశాలోని మన యిండ్లలో ఏ స్థితిలో నున్నది? సరిహద్దుకావల ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఒక భేదము స్పష్టముగ కనబడుచున్నది. అక్కడి బిడ్డకు దుకాణపు పలకపైనను, బస్సుపైనను, వార్తాపత్రికలోను తెలుగు అడుగడుగున ఎదురగును. ఇక్కడి బిడ్డకు వీధిలో ఒడియా, పై చదువునకు ఆంగ్లము తప్పవు. అవి నేర్వవలసినవే. కాని తెలుగు చదువుటకు మనమే పనిగట్టుకొని కాలము తీయవలసియున్నది. తీయనిచో బిడ్డ తెలుగు మాటలాడును గాని, అవ్వ తలగడ ప్రక్కనున్న బైబిలును చదువలేని వాడగును.

తలిదండ్రులారా! మీరు ధనము వెచ్చింపనక్కరలేదు. రాత్రి అరగంట సేపు టెలివిజను కట్టి, సెల్‌ఫోనులు ప్రక్కనుంచి, ఇంటిల్లిపాది కూర్చుండి ఒక అధ్యాయము బిగ్గరగ చదువుడు. ఒకనాడు తండ్రి, ఒకనాడు తల్లి, ఒకనాడు బిడ్డ చదువవలెను. అక్షరము రాని అవ్వ సైతము గుడిలో విని విని నేర్చిన వాక్యములందు బిడ్డ తప్పును దిద్దగలదు. అరువదియారు గ్రంథముల బైబిలులో 1,189 అధ్యాయములు కలవు. దినమునకొకటి చొప్పున చదివినచో మూడేండ్ల మూడు నెలలలో పూర్తియగును. ఏడవ తరగతి ఆరంభమున మొదలిడిన బిడ్డ పదవ తరగతిలో కొన్ని నెలలు గడచునప్పటికి గ్రంథమంతయు ముగించును. అది దైవారాధనయు నగును, మాతృభాషా సేవయు నగును. తక్కిన యిండ్లవారు తమ పూజ్యగ్రంథమునే యిట్లు చదువవచ్చును.

విద్యార్థులారా! మీ తలిదండ్రులు పని ముగించి అలసివచ్చిననాడు ఈ అరగంట వారు మరువవచ్చును. అప్పుడు మీరే గ్రంథము తెచ్చి వారి యెదుట తెరువుడు. రేపటినుండి యని వాయిదా వేయక ఈ రాత్రియే ఆరంభింపుడని మా మనవి.