ఉన్న చోటే వేదిక

వేదిక లేదు, తెరలు లేవు, నాటకం ఎలా వేస్తామని ప్రతి వార్షికోత్సవానికీ అనుకుంటాం. ఇబ్రహీం అల్కాజీ అలా అనుకోలేదు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా డైరెక్టరుగా 1963లో 'అంధా యుగ్' నాటకాన్ని ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ఆడించారు. కురుక్షేత్ర యుద్ధం చివరి రోజు కథకు ఆ కూలిన గోడలే సెట్టింగు.

ఆయన పాత ఫోటోలు కూడా సేకరించారు. 1856లో గ్రీన్‌లా అనే సైనికాధికారి తీసిన హంపి కట్టడాల ఫోటోలు అందులో ఉన్నాయి. రాయల రాజధాని నాడెలా ఉందో వాటిలో చూడవచ్చు.

మన పాత గదులకు ఒక్క మంచి ఫోటో లేదు. రేపు కూల్చేస్తే తమ్ముళ్లకు ఏం చూపిస్తాం? వచ్చే ఏడాది నాటకం ఆ వరండాలోనే వేద్దాం. పూర్వ విద్యార్థులు కెమెరాలతో రావాలని కోరుతున్నాం.