కార్యాలయమునకు చిన్న కంప్యూటరు

లక్డారమునందు రాతి క్వారీలును కంకర క్రషర్లును కలవు. ఉదయము తుడిచిన బల్లపై మధ్యాహ్నమునకే ధూళి పేరుకొనును. కావున కార్యాలయమునకు చిన్న కంప్యూటరు కొనువారు దాని చక్కదనమునే చూచి మురియరాదని మా యభిప్రాయము. లెక్కలకును ఉత్తరములకును ఆ పెట్టె చాలును; విద్యుత్తును పొదుపుగా వాడును. చిక్కంతయు లోని పంకాతోనే. అది గాలితోపాటు ధూళినిగూడ లోనికి లాగును. యంత్రము వేడెక్కి మందగించును. విద్యార్థుల మార్కులును, తలిదండ్రులు చెల్లించిన రుసుముల లెక్కయు నందే యుండునుగదా! మూత విప్పి తుడువ వీలగునా, మెమరీ మార్చ వీలగునా యని అంగడిలో ముందే యడుగవలయును. పంకా లేనివియు దొరకును గాని, వెల హెచ్చు. పాతది చౌకయని కొనువారు, విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినందున, అది విండోస్ 11ను స్వీకరించునో లేదో పరీక్షింపవలయును. ఏది కొన్నను నేలపై నుంచకుడు. వీలున్నచో తెర వెనుక బిగింపుడు.