సలహా చెప్పువానికి కూలి ఎవరిచ్చుచున్నారు?



ఈ నెల ఒక తల్లి అడిగిన ప్రశ్నను మీ ముందుంచుచున్నాము. "అయ్యగారూ, మావాడు జూదం ఆడటం లేదండీ. జూదం గురించి నేర్పించే వెబ్‌సైటు ఏదో ఫోనులో చదువుకుంటున్నాడంతే. మోసపోకుండా ఎలా ఉండాలో కూడా అందులో చెబుతారంట. రూపాయి అడగరంట. మా లింకు మీద చేరితే మాకు కమీషను వస్తుందని వాళ్ళే రాసుకున్నారంట. దాచకుండా చెప్పేవాళ్ళలో తప్పేముందండీ?"

ఈ ప్రశ్నను కొట్టిపారవేయలేము. దాచుటకంటె చెప్పుట మేలే. అయితే వారు చెప్పినది ఎంత, చెప్పక విడిచినది ఎంత అన్నది చూడవలసియున్నది.

కమీషను అను మాట మన గ్రామములకు క్రొత్త కాదు. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని బేరము కుదుర్చు దళారిని మనమెరుగుదుము. ఎద్దు అమ్ముడుపోయినచో అతని రూపాయలు అతనికి ముట్టును. కొన్న రైతు ఆ ఎద్దుతో పొలము దున్నుకొని బాగుపడినను దళారికి వచ్చు నష్టమేమియు లేదు. మిరప యార్డులో కమీషను ఏజెంటు సంగతి ఇంకను సులభము. సరుకుకు ధర ఎక్కువ పలికినకొలది అతని కమీషనును పెరుగును, రైతు చేతికి వచ్చునదియు పెరుగును. వారి లాభములు ఒకే దారిన నడచును.

జూదపు లింకు సంగతి అట్లు కాదు. ఆ లింకు చివర ఒక గుర్తు ఉండును. దానిని నొక్కి ఎవడైనను జూదపు సంస్థలో ఖాతా తెరచినచో, ఇతడు ఫలానా వెబ్‌సైటు పంపిన మనిషి అని అక్కడ వ్రాయబడును. అటు పిమ్మట పంపినవానికి డబ్బు ముట్టు పద్ధతులు ముఖ్యముగా రెండు. తలకు ఇంత అని ఒక్కసారే ఇచ్చుట మొదటిది. ఆ మనిషి పోగొట్టుకొనిన దానిలో వాటా ఇచ్చుట రెండవది. ఈ వ్యాపారములో ఈ రెండవ పద్ధతి బహు వాడుకలో ఉన్నది. వాటా సాధారణముగా నూటికి 25 నుండి 40 వరకు ఉండును. అనేక ఒప్పందములలో ఆ ఖాతా నడచినంత కాలము ఈ వాటా వచ్చుచునే యుండును.

లెక్క వేసి చూడుడి. ఒక యౌవనస్థుడు నెలలో పదివేలు పోగొట్టుకొనెననుకొందము. వాటా నూటికి 30 అయినచో, ఖర్చులు తీయకముందు, సలహా చెప్పినవానికి మూడువేలు. అతడు గెలిచినచో సలహాదారునికి ఏమియు లేదు. అతడు బుద్ధి తెచ్చుకొని ఆట మానినచో ఆ నెల నుండి అసలే లేదు. కాబట్టి "మాకు కమీషను వచ్చును" అను మాట అబద్ధము కాదు గాని, అందులో సగమే ఉన్నది. "నీవు ఓడిపోయినప్పుడు మాకు వచ్చును" అని వ్రాసినయెడల అది పూర్తి మాట. అట్లు వ్రాయువారు బహు అరుదు.

మరి నేర్పించు పాఠములు తప్పుడువా? అన్నియు కాదు. న్యాయముగా ఇదియు చెప్పవలెను. అమెరికా ప్రభుత్వ సామాజిక భద్రతా శాఖలో గణాంక నిపుణునిగా పనిచేసిన మైఖేల్ షాకిల్‌ఫోర్డ్ అనునతడు 1997లో ఒక వెబ్‌సైటు ప్రారంభించెను. అది విజార్డ్ ఆఫ్ ఆడ్స్ అను పేరుతో ప్రసిద్ధి చెందినది. ఏ ఆటలో నడిపించువాడు నూటికి ఎంత మిగుల్చుకొనునో అతడు లెక్క కట్టి పెట్టెను. అటువంటి లెక్క ఒకటి మీ పిల్లలతో కూర్చుండి మీరే చేయవచ్చును. రూలెట్ అను చక్రమునకు ఐరోపాలో 37 గడులు. ఒక్కొక్క గడిపై వంద చొప్పున పెట్టిన 3,700 రూపాయలు. గెలిచిన గడికి 3,500, దానిపై పెట్టిన వంద, మొత్తము 3,600 తిరిగి వచ్చును. అన్ని గడులను కొనినవాడు సహితము ప్రతి త్రిప్పుకు వంద పోగొట్టుకొనును! అది నూటికి 2.70. అమెరికా చక్రములో ఇంకొక గడి చేర్చి దానిని 5.26 చేసిరి. ఏ ఉపాయము చేతను ఈ లెక్క మారదు. ఇది నిజమైన చదువు, దీనిని మేము తప్పుపట్టము.

ఆ వెబ్‌సైటును అతడు 2014లో అమ్మివేసెను. కొనినది క్యాసినో బోనస్సులను గూర్చిన వెబ్‌సైటు నడుపు సంస్థ. లెక్కలు సరియైనవే. అయితే అటువంటి సంస్థ డబ్బిచ్చి దానిని కొనుటకు కారణము ఆ లెక్కలను నమ్మి వచ్చు పాఠకులే గదా! నమ్మకము కూడ సరుకేనని మన పిల్లలకు ఎవరు చెప్పుదురు?

నమ్మకమును సరుకు చేసినప్పుడు ఎంతవరకు పోవుదురో బ్రిటను దేశములో 2017లో బయటపడినది. అక్కడ జూదము చట్టబద్ధమైనది, ప్రకటనలను తనిఖీ చేయు సంస్థయు ఉన్నది. ఒక మనిషి అప్పులలో మునిగియుండగా, భార్య జబ్బుతో ఉండగా, ఆన్‌లైన్ జూదములో గెలిచి గట్టెక్కెనని వార్తవలె వ్రాసిన కథ ఒకటి ఫోనులలో తిరిగినది. అది వార్త కాదు, కమీషను కొరకు వ్రాసిన ప్రకటన. ఆ తనిఖీ సంస్థ దానిని నిషేధించి, వ్రాసినవారు మా ఉద్యోగులు కారని జూదపు సంస్థలు తప్పించుకొన వీలులేదని తేల్చినది. అదే సంవత్సరము బీజీవో అను సంస్థకు, తన వెబ్‌సైటులోను తన కమీషనుదారుల వెబ్‌సైటులలోను తప్పుదారి పట్టించు ప్రకటనలు ఉన్నందుకు, అక్కడి జూద నియంత్రణ కమీషను 3 లక్షల పౌండ్ల జరిమానా విధించినది. స్కై బెట్ నడుపు సంస్థ ఆ యేడే తన కమీషనుదారుల ఏర్పాటునే మూసివేసినది. ఇంటిలో జబ్బుమనిషిని పెట్టుకొని అప్పుల పాలైన మనిషికి ఆ కథ ఎట్లు వినబడునో ఆలోచించుడి. వ్రాసినవారికి అది తెలియకపోలేదు.

మన దేశము సంగతి వేరు. వస్తువులను పొగడి డబ్బు తీసికొనువారు ఆ సంగతిని, ఏ భాషలో పొగడిరో ఆ భాషలోనే, చూచువారికి కనబడునట్లు చెప్పవలెనని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో సూచనలిచ్చినది. సబ్బుకు, విత్తనములకు ఇది చాలును. జూదమునకు చాలదు. తెలంగాణ 2017లోను ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూద చట్టములను సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము డబ్బు పందెపు ఆటలను దేశమంతట నిషేధించి, వాటికి ప్రకటన చేయువారికి రెండు సంవత్సరముల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టినది. అదే సంవత్సరము మార్చిలో పందెపు యాపులకు ప్రచారము చేసిరని సినిమా నటులపైనను, యూట్యూబులో పేరుపొందిన వారిపైనను హైదరాబాదులో పోలీసు కేసులు నమోదైనవి. కాబట్టి "నాకు కమీషను వచ్చును" అని ఎంత పెద్ద అక్షరములతో వ్రాసినను, ఆ లింకు మన ఊరిలో చట్టవిరుద్ధమైన దానికే దారి తీయును.

ఆ తల్లికి మేమిచ్చిన జవాబు ఇంతే. అబ్బాయిని గద్దింపవద్దమ్మా. ఫోను లాగికొనిన స్నేహితుని ఫోనులో చూచును. ఒక సాయంకాలము ప్రక్కన కూర్చుండి ఆ పేజీని వానిచేతనే పైనుండి క్రింది వరకు చదివించుము. పాఠమునకు ఒకటి, లింకునకు ఒకటి చొప్పున చింతగింజలు పెట్టించుము. ఏ కుప్ప పెద్దదో వాడే చూచును. పిమ్మట ఈ మూడు ప్రశ్నలు అడుగుము. నీవు ఓడిపోయిన వీరికి వచ్చునా, గెలిచిన వచ్చునా? ఆడకుమని చెప్పిన పాఠము క్రింద కూడ చేరుటకు లింకు ఎందుకున్నది? ఆట మానినవాని మాట ఒక్కటైనను ఇందులో ఉన్నదా? క్రికెట్ దినములలో టెలిగ్రామ్‌లో ఉచితముగా జోస్యములు పంపువారిని గూర్చియు ఇవే ప్రశ్నలు పనికివచ్చును. వారు ఇచ్చు రిఫరల్ కోడ్ మనము చెప్పిన గుర్తుకు ఇంకొక పేరే.

తూనికరాళ్ళను తనిఖీ చేయకుండ మిరపకాయలు అమ్మని మన పెద్దలు, కొడుకు ఫోనులోని త్రాసును ఎన్నడును చూడరు. పెద్దవారికి చదువు రాదని పిల్లలును చూపరు. ఈ లెక్కకు మాత్రము పెద్ద చదువు అక్కరలేదు.

ఇప్పటికే ఆడి డబ్బు పోగొట్టుకొనిన కుటుంబములు కొన్ని ఈ పత్రిక చదువుచుండవచ్చును. మోసపు యాపుకు డబ్బు పంపినయెడల ఆలస్యము చేయక 1930 నెంబరుకు ఫోను చేయుడి, అది సైబరు నేరముల సహాయ కేంద్రము. ఎంత త్వరగా చేసిన అంత మంచిది, ఖాతాలోనికి పోయిన డబ్బును నిలుపుదల చేయించుటకు అవకాశముండును. ఆట మానలేక, ఇంటిలో చెప్పుకొనలేక లోలోపల క్రుంగుచున్నవారు 14416కు ఫోను చేయవచ్చును. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, రాత్రింబగళ్ళు పనిచేయును, తెలుగులో మాట్లాడుదురు, డబ్బు తీసికొనరు.